ఆచార్య మహదేవన్

చిత్తూరు సీమ కొండలలో పుట్టిన స్వర్ణముఖీ నది తిరుపతి ప్రక్కగా పారి, శ్రీకాళహస్తీశ్వరుని ఆలయమును ఒరసికొని సాగి, నెల్లూరు సీమయందు బంగాళాఖాతములో కలియుచున్నది. సంవత్సరములో చాల నెలలు ఆ యేటిలో నీటికంటె ఇసుకయే ఎక్కువగా కానవచ్చును. వేసవిలో ఆ ఇసుకలో చెలమలు త్రవ్వి నీరు తోడుకొనుట రాయలసీమవారు తరతరములుగా ఎరిగిన పని. తుపాను వానలకు ఏరు పొంగినపుడు ఆ ఇసుక కొంత ముందునకు జరుగును. మరుసటి వరదకు మరికొంత జరుగును. ఇట్లు జరిగి జరిగి అది తుదకు కడలిని చేరును. స్వర్ణముఖియే కాదు, పెన్న, కృష్ణ, గోదావరి మొదలైన నదులన్నియు వేలయేండ్లుగా ఈ పనియే చేయుచున్నవి. అట్లయినచో తీరముననున్న సముద్రము ఏనాడో పూడిపోవలసినది కదా! ఏల పూడలేదు? ఆ ఇసుక ఎచ్చటికి పోవుచున్నది?

ఈ ప్రశ్న బాలురైనను అడుగదగినది. కాని దీనికి సమాధానము వెదకుటకు పండితులకు చాల కాలము పట్టినది. ఆంధ్రతీరమున ఆ సమాధానమునకు త్రోవ తీసినవారిలో ముఖ్యుడు, భూవిజ్ఞాన శాస్త్రజ్ఞుడైన ఆచార్య కలమూర్ మహదేవన్.

మహదేవన్ 1901వ సంవత్సరము మే నెల 6వ తేదీన జన్మించెను. ఆయన యువకుడైన నాటికి మన దేశమున విజ్ఞాన పరిశోధనకు వసతులు మిక్కిలి తక్కువ. కలకత్తా నగరమందలి బౌబజారు వీధిలో భారతీయ విజ్ఞాన సంవర్ధక సంఘమను ఒక సంస్థ ఉండెను. చంద్రశేఖర వేంకట రామన్ అచ్చట పరిశోధనలు చేయుచు, కుశాగ్రబుద్ధులగు యువకులను చేరదీయుచుండెను. దక్షిణదేశము నుండి పలువురు విద్యార్థులు ఆయనను వెదకికొని పోయిరి. వారిలో మహదేవన్ ఒకడు. 1928లో రామన్ తన పేర ప్రసిద్ధి చెందిన కాంతిఫలితమును కనుగొన్నది ఆ ప్రయోగశాలయందే. ఆ పరిశోధనకే ఆయనకు 1930లో నోబెల్ బహుమానము లభించినది.

రామన్ శిష్యులలో పెక్కుమంది కాంతిని గూర్చియు, ద్రవములను గూర్చియు శోధించుచుండగా, మహదేవన్ దృష్టి రాళ్ల మీదికి పోయినది. కొన్ని ఖనిజములను పలుచని పొరలుగా అరగదీసి సూక్ష్మదర్శినితో చూచినచో, వాని నడుమ అతి చిన్న చుక్కలును, ఆ చుక్కల చుట్టు గుండ్రని రంగు వలయములును కనబడును. చుక్కలోని రేడియోధార్మిక పదార్థము యుగయుగములుగా వెలువరించుచున్న కణములు చుట్టునున్న ఖనిజమును తాకి, రంగు మార్చుటచే ఆ వలయములు ఏర్పడును. కార్డియరైటు అను ఖనిజమునందలి ఇట్టి వలయములను గూర్చి మహదేవన్ వ్రాసిన వ్యాసము 1927లో వెలువడినది. కంటి కానని ఒక చుక్క లక్షల సంవత్సరముల చరిత్రను తన చుట్టు తానే వ్రాసికొనుచున్నదని తెలిసిన యువకునికి, ఇక రాయి వట్టి రాయిగా కనబడునా?

పిదప ఆయన బొగ్గును గూర్చి పరిశోధించెను. గనినుండి తీసిన బొగ్గుపెళ్లను పరికించి చూచినచో, కొన్ని చారలు నిగనిగలాడుచును, కొన్ని చారలు మసకగాను ఉండును. రెండును బొగ్గే అయినపుడు ఈ భేదమెందులకు? మహదేవన్ వానిపై ఎక్స్ కిరణములను ప్రసరింపజేసి, లోపలి అమరికను పరిశీలించెను. ఆ ఫలితములు 1929లో ప్రకటితములైనవి. భౌతికశాస్త్రపు సాధనములతో భూమిని ప్రశ్నించుట అను పద్ధతిని ఆయన ఈ విధముగా చిన్ననాడే అలవరచుకొనెను. తరువాతి కాలమందు ఆయన చేసిన పనికంతటికి ఇదియే పునాది.

కలకత్తా విడిచిన మీదట మహదేవన్ హైదరాబాదు సంస్థానపు భూవిజ్ఞాన శాఖలో ఉద్యోగమున చేరెను. ప్రయోగశాలలోని పని వేరు, ఈ పని వేరు. భూవిజ్ఞాన శాఖవారు సుత్తి, దిక్సూచి చేతబట్టుకొని, ఎండలో కొండలు గుట్టలు తిరిగి, ఏ చోట ఏ రాయి ఉన్నదో పటములలో గుర్తింపవలెను. ఎచ్చట ఏ లోహము దొరకునో, ఎచ్చట నీరు పడునో ప్రజలకు తెలియుట ఇట్టి పటముల వలననే. సూక్ష్మదర్శినిలో ఖనిజమును చూచిన కన్నులు ఇప్పుడు విశాలమైన దక్కను పీఠభూమిని చూచినవి. చిన్నదానిని, పెద్దదానిని ఒకే శ్రద్ధతో చూడగల నేర్పు ఆయనకు ఇట్లు కలిగినది.

అనంతరము ఆయన వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చి, భూవిజ్ఞాన శాఖకు అధ్యక్షుడయ్యెను. ఆ విద్యాలయము సముద్రపుటొడ్డున మెట్టమీద నున్నది. తరగతి గది విడిచి కొంత దూరము నడచినచో చాలును, ఇసుక తిన్నెలు కాలికి తగులును. విశాఖపట్టణపు ఒడ్డున ఆ ఇసుక అంతయు ఒకే రంగున నుండదు. తెల్లని ఇసుక నడుమ నల్లని చారలు, ఎఱ్ఱని చారలు ముగ్గు పెట్టినట్లు కనబడుచుండును. చూచువారు వింతగా చూచి పోవుదురు. మహదేవన్ ఆ చారలను పాఠ్యపుస్తకముగా గ్రహించెను.

నల్లని రేణువులలో ఎక్కువ భాగము ఇల్మనైటు, ఎఱ్ఱనివి గార్నెటు. విశాఖపట్టణపు కొండలలో ఖొండలైటు అను రాయి విస్తారముగా నున్నది. ఆ రాతిలో గార్నెటు సమృద్ధిగా కలదు. ఎండకు పగిలి, వానకు నాని ఆ రాయి చిట్లిపోగా, గెడ్డలును ఏరులును దాని రేణువులను కడలికి చేర్చును. అలలు తేలికైన తెల్లని ఇసుకను ఈడ్చుకొనిపోయి, బరువైన రేణువులను ఒడ్డుననే వదలును. పల్లె పడుచు చేటతో ధాన్యము చెరిగినట్లు, కడలి ఇసుకను చెరుగుచున్నదన్నమాట. కావున ఒడ్డునందలి ఇసుకను పరీక్షించినచో అది ఏ కొండనుండి వచ్చినదో చెప్పవచ్చును. 1948లో మహదేవన్ తన సహచరుడగు శ్రీరామదాసుతో కలిసి, విశాఖపట్టణము జిల్లా తీరపుటిసుకలో మోనజైటు అను ఖనిజమున్నట్లు వివరించెను. మోనజైటులో అణుశక్తికి సంబంధించిన థోరియము ఉండును. మన దేశమున అణుశక్తి సంఘము నెలకొన్నదియు ఆ సంవత్సరమందే. జనులు త్రొక్కి పోవు ఇసుకలో దేశమునకు పనికివచ్చు ధనమున్నదని ఆ పరిశోధన చాటినది.

ఇసుక ఎచ్చటినుండి వచ్చుచున్నదో తెలిసినది. ఇక అది ఎచ్చటికి పోవుచున్నది? విశాఖపట్టణమునకు ఈ ప్రశ్న వట్టి వేడుక కాదు. 1933లో అచ్చటి నౌకాశ్రయము ప్రారంభమైనది. నైఋతి పవనములు వీచు నెలలలో అలలు ఒడ్డుకు ఏటవాలుగా తగులుచు, ఇసుకను ఈశాన్యదిశకు నెట్టుకొనిపోవును. ఈశాన్య పవనములు వీచునపుడు కొంత ఇసుక వెనుకకు మరలును. కాని పోవుదానికంటె వచ్చునది తక్కువ. ఇట్లు ఏటేట ఈశాన్యమునకు నడచు ఇసుక నౌకాశ్రయపు ద్వారమున మేట వేసినచో ఓడలకు త్రోవయుండదు. దానిని ఆపుటకై జానస్, వెలిడ్సన్ అను రెండు పాత ఓడలను డాల్ఫిన్ ముక్కు కొండ చెంత ముంచి, అడ్డుకట్టగా నిలిపిరి. ఆ అడ్డుకట్ట చాటున చేరిన ఇసుకను యంత్రములతో తోడి, ఉత్తరపు ఒడ్డునకు చేర్చవలసి వచ్చెను. చేర్చనిచో ఒడ్డునకు రావలసిన ఇసుక రాక, అలలు తీరమును కోసివేయును. ఇసుక నడకను ఎరుగనివారు నౌకాశ్రయమును కాపాడలేరు, ఊరిని కాపాడలేరు.

1952లో అమెరికానుండి యూజీన్ లాఫాండు అను సముద్రశాస్త్రజ్ఞుడు ఉపన్యాసకుడుగా వాల్తేరు వచ్చెను. సముద్రశాస్త్రము నాడు మన విశ్వవిద్యాలయములలో క్రొత్త విద్య. తీరమునందలి ఇసుక ఏ నెలలో పెరుగునో, ఏ నెలలో తరుగునో లాఫాండు, ప్రసాదరావు అనువారు కొలిచి 1954లో ప్రకటించిరి. కాని ఒడ్డున నిలిచి చూచినంతమాత్రమున కడలి లోపలి సంగతి తెలియునా? భారత నౌకాదళమువారు దయతో తమ ఓడలపై పరిశోధకులకు చోటిచ్చిరి. వారు తీరమునుండి లోపలికి పోయి, ఇనుప దవడలవంటి సాధనములను త్రాళ్లతో దింపి, అడుగుననున్న మట్టిని, ఇసుకను పైకి తెచ్చిరి. పైకి వచ్చిన పిడికెడు మట్టిని జల్లించి, తూచి, సూక్ష్మదర్శినిలో చూచి, ఏ లోతున ఏమి ఉన్నదో గుర్తించిరి. తూర్పుతీరపు సముద్రగర్భమందలి నిక్షేపములను గూర్చి మహదేవన్, పూర్ణచంద్రరావులు కలిసి చేసిన పరిశీలన 1954లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వెలువరించిన సముద్రశాస్త్ర సంపుటములలో మొదటిదానియందు అచ్చయ్యెను.

గోదావరి సాగరసంగమమునకు ఉత్తరమున, కాకినాడ ఎదుట, సన్నని ఇసుకమేట ఒకటి కడలిలోనికి చాచిన చేయివలె పెరిగియున్నది. దానిని హోప్ దీవి యందురు. దాని పొడవు సుమారు 16 కిలోమీటర్లు. కాకినాడ రేవును అలలనుండి కాపాడునది అదియే. ఆ మేట ఏల పెరుగుచున్నదో మహదేవన్, ప్రసాదరావులు శోధించి 1958లో వ్రాసిరి. గోదావరి తెచ్చి పోసిన ఇసుకను అలలు, ప్రవాహములు ఉత్తరముగా నడిపించుటయే దానికి మూలము. ఇట్లు నదిలోని ఇసుకను తీరముదాకను, తీరమునందలి ఇసుకను తీరము వెంటను ఆయన అనుసరించి పోయెను.

అచ్చట ఒక ఎల్ల వచ్చినది. మన తీరమున కడలి ఒక్కసారిగా లోతు కాదు. విశాఖపట్టణము వద్ద సుమారు 40 కిలోమీటర్ల దూరము వరకు అడుగు మెల్లమెల్లగా వాలుచు పోవును. ఈ భాగమును ఖండతీరపు అంచు అందురు. దానిని దాటిన వెంటనే అడుగు క్రిందికి దిగజారి, మూడువేల మీటర్లకు దగ్గరగా లోతుగల అగాధమున చేరును. ఈ దిగుడును ఖండతీరపు వాలు అందురు. త్రాళ్లతో చిన్న సాధనములను దించి, ఒడ్డుకు దగ్గరగా తిరుగు ఓడలకు ఆ అంచు అవతలి రూపము అందునది కాదు. ఇసుక అంచు దాటిపోవుచున్నదా? పోవుచున్నచో ఏ దారిన?

లోకమందలి ఇతర సముద్రములలో ఈ దారి జాడలు అప్పటికే కొన్ని కనబడినవి. ఖండతీరపు వాలును చీల్చుకొని నీటి అడుగున లోతైన లోయలు ఉన్నవని నావికులు కనుగొనిరి. 1929 నవంబరు 18వ తేదీన ఉత్తర అమెరికా తూర్పుతీరమున న్యూఫౌండ్‌లాండు చెంత భూకంపము సంభవించెను. దాని తరువాత సముద్రపుటడుగున పరచిన తంతితీగలు ఒకదాని వెంట ఒకటి, తీరమునుండి దూరముగా పోవుచు, సుమారు పదమూడు గంటల పాటు తెగుచు పోయెను. ఏదో ఒకటి వాటిని కోసికొనుచు పరుగెత్తినదన్నమాట. అది ఏమియో చాలకాలము వరకు తేలలేదు. 1952లో హీజెన్, యూయింగు అను శాస్త్రజ్ఞులు దాని గుట్టు విప్పిరి. భూకంపమునకు కదలిన మట్టి ఇసుకలు నీటితో కలిసి చిక్కని బురదవెల్లువగా మారి, వాలు వెంట వేగముగా దిగజారినది. మామూలు నీటికంటె బురదనీరు బరువైనది. కావున నీటి అడుగున కూడ అది కొండవాగువలె పల్లమునకు ఉరుకును. తీరమున ప్రోగుపడిన ఇసుకను సముద్రగర్భ లోయలు ఇట్టి వెల్లువల ద్వారా అగాధమునకు చేర్చును. లోయ ముగిసిన చోట ఆ వెల్లువలు కాలువలు ఏర్పరచుకొని, మైదానముపై విసనకఱ్ఱవలె ఇసుకను పరచును.

బంగాళాఖాతమందలి ఖండతీరపు వాలును నిశితముగా పరిశీలించు సమయము రానే వచ్చినది. 1959 మొదలు 1965 వరకు పెక్కుదేశములు కలిసి హిందూమహాసముద్రమును శోధించుటకు పూనుకొన్నవి. కాని ఆ ఫలితములను చూచుటకు మహదేవన్ మిగులలేదు. 1962వ సంవత్సరమున ఆయన పరమపదించెను.

మరుసటి సంవత్సరము, అనగా 1963లో, ఆంటన్ బ్రూన్ అను పరిశోధననౌక బంగాళాఖాతమునకు వచ్చినది. ఆ నౌక పూర్వము అమెరికా అధ్యక్షుని విహారనౌక. అప్పుడు దాని పేరు విలియమ్స్‌బర్గు. రాజభోగములను చూచిన ఆ ఓడ ఇప్పుడు శాస్త్రజ్ఞులకు బండియైనది. ఆ యాత్రకు శాస్త్రనాయకుడు మరెవరో కాదు, వాల్తేరులో మహదేవన్ తోడ పనిచేసిన లాఫాండే. ఆ నౌకలో ప్రతిధ్వని యంత్రముండెను. అది నీటిలోనికి శబ్దమును పంపును; శబ్దము అడుగును తాకి తిరిగి వచ్చుటకు పట్టిన కాలమును బట్టి లోతును కాగితముపై గీయును. ఓడ ఆంధ్రతీరము వెంట ఖండతీరపు వాలును దాటుచుండగా, కాగితముపై గీత హఠాత్తుగా క్రిందికి కుంగి మరల పైకి లేచినది. అది లోయ. అట్టి లోయలు ఒకటి కాదు, మూడు బయలుపడినవి.

లాఫాండు 1964లో ఆ మూడు లోయలను వర్ణించుచు వానికి పేరులు పెట్టెను. ఒకటి ఆంధ్ర లోయ, ఒకటి కృష్ణ లోయ. మూడవదానికి తన పూర్వమిత్రుని పేర మహదేవన్ లోయ అని పేరిడెను. ఆచార్యుడు ఏ ఇసుక జాడ వెంట తీరము దాకను, తీరము దాటి ఖండపుటంచు దాకను పోయెనో, ఆ ఇసుక దిగిపోవు త్రోవలలో ఒకదానికి ఆయన పేరే నిలిచినది. శిలావిగ్రహములు ఎండకు వెలయును. వీథుల పేరులు పాలకులతో మారును. వేయి అడుగుల నీటి మాటున నున్న ఆ లోయను ఎవరును చూచి పొగడరు. కాని సముద్రపటములు చదువువారు ఆ పేరును ఎరుగుదురు.

ఆ తరువాతి పరిశోధనలు ఈ కథను ఇంకను పెద్దది చేసినవి. గంగా బ్రహ్మపుత్రలు హిమాలయములనుండి తెచ్చిన మట్టి, బంగాళదేశపు తీరమున నున్న అడుగులేని అగాధమను సముద్రగర్భ లోయ గుండ దిగి, బంగాళాఖాతపు అడుగున సుమారు 3000 కిలోమీటర్ల పొడవున పరచుకొన్నది. శ్రీలంకను దాటి, భూమధ్యరేఖను దాటి సాగిన ఆ పరపు ప్రపంచమందలి అట్టి నిక్షేపములలో కెల్ల పెద్దది. దానిమీద నదులవలె వంకరలు తిరుగు కాలువలున్నవి. సుమారు 20,000 సంవత్సరముల క్రిందట, హిమయుగమున, సముద్రమట్టము నేటికంటె సుమారు 120 మీటర్లు తగ్గియుండెను. అప్పుడు నదులు ఇంచుమించు ఖండపుటంచు దాక పారి, ఇసుకను నేరుగా లోయల ముఖమున పోయుచుండినవి. సముద్రము పెరిగిన పిదప ఇసుకలో ఎక్కువ పాలు డెల్టాలయందును, తీరమునందును నిలిచిపోవుచున్నది.

అగాధమున చేరిన ఇసుక నిరుపయోగమని తలపరాదు. 2002లో కృష్ణా గోదావరీ తీరమునకు ఎదుట, లోతైన సముద్రపుటడుగున సహజవాయువు కనుగొనబడినది. ఆ వాయువు నిలువయున్నది ఒకానొక కాలమున ఇట్టి సముద్రగర్భ కాలువలు పరచిన ఇసుక పొరలలోనే. రేణువునకు రేణువునకు నడుమ నున్న సందులే దానికి కొట్లు. లక్షల యేండ్ల క్రిందట ఏ నదియో మోసిన ఇసుక నేడు మన పొయ్యికి మంటనిచ్చుచున్నది.

అదే సమయమున ఇసుక నడకను అడ్డగించినచో కలుగు కీడును ఎరుగవలెను. కృష్ణ, గోదావరి నదులపై కట్టిన ఆనకట్టలు పంటలకు ప్రాణము పోసినవి. కాని నదులు తెచ్చు మట్టిలో ఎక్కువ భాగము జలాశయములలోనే ఆగిపోవుచున్నది. డెల్టాల అంచులు పెరుగుట మాని, కొన్ని చోట్ల కోతకు గురియగుచున్నవి. కాకినాడకు ఉత్తరమున నున్న ఉప్పాడలో అలలు ఇండ్లను, బాటలను కబళించుచున్నవి. ఏటిలో ఇసుకను మితిమీరి తవ్వినచో చెలమ ఎండును. నదిలో ఇసుక తరిగినచో తీరము తరుగును. కొండ, ఏరు, తీరము, అగాధము అనునవి వేరువేరు కావు. అవి ఒకే బాటలోని మజిలీలు. ఒక మజిలీలో చేసిన పని మరియొక మజిలీలో ఫలించును.

మహదేవన్ జీవితమున యుద్ధములు లేవు, సింహాసనములు లేవు, చెరసాలలు లేవు. ఒక చుక్క చుట్టునున్న వలయమును, ఒక బొగ్గుచారను, ఒక ఇసుకరేణువును ఆయన అలక్ష్యము చేయలేదు. అదియే ఆయన గొప్పతనము. తనకు అందినంత దూరము పోయి, మిగిలిన దూరమును తన వెనుకవారికి విడిచెను. విద్యకు తుది లేదు. కావున విద్యార్థి ఎవడును తాను మొదలుపెట్టిన పనిని తానే ముగింపలేకపోయితినని చింతింపనక్కరలేదు. త్రోవ సరియైనదైనచో, దానివెంట నడచువారు తప్పక వత్తురు.